నిలబడి తిన్న వియ్యంకుడు

పాల్మాకుల చెన్నయ్యది టెంట్ హౌస్. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా, పసిబిడ్డ తొట్టెల జరిగినా షామియానాలూ కుర్చీలూ గంగాళాలూ గరిటెలూ ఆయన దుకాణం నుంచే కదలాలి. భోజనాల దగ్గర మర్యాద అంటే ఆయనకు ప్రాణం. ఎవరింట్లో వడ్డన ఎట్లా సాగింది, ఎవరు అలిగారు, ఎవరు పళ్లెం ముందు నుంచి లేచిపోయారు అన్న కబుర్లన్నీ సామాను తిరిగొచ్చే లోపే ఆయన చెవిన పడేవి. అవి విని, "అన్నం పెట్టుడు సుత ఒక విద్యనే" అని నలుగురికీ నీతులు చెప్పేవాడు. అంత చెప్పిన మనిషి సొంత కూతురి పెళ్లిలో బోల్తా పడ్డాడు.

మనీషా పెళ్లి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో చేశాడు. వచ్చిన జనానికి బఫే. మగపెళ్లివారికి మాత్రం విడిగా ఏసీ గది, టేబుళ్లు, అరిటాకులు, కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డన. ఈ ఏర్పాటంతా దగ్గరుండి చేయించి, వియ్యంకుడు అనంతయ్యను చేయి పట్టుకుని తీసుకెళ్లి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకేదో పని మీద బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో వేరెవరో కూర్చుని గారెలు నములుతున్నారు. అనంతయ్య ఎక్కడా అని వెతికితే బయట బఫే దగ్గర దొరికాడు. కందుకూరులో పది మంది మాట వినే పెద్దమనిషి, పెళ్లికొడుకు తండ్రి, స్తంభం చాటున గోడవైపు తిరిగి, పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నాడు.

చెన్నయ్యకు తల కొట్టేసినట్టయింది. "బావా, గిదేంది? లోపలికి రా" అని బతిమాలాడు.

"గీడనే మంచిగుంది బావా" అన్నాడు అనంతయ్య, మొహం తిప్పకుండానే.

మొహం తిప్పకపోవడమే చెన్నయ్య గుండెలో ముల్లయి దిగింది. తను అటు వెళ్లగానే ఎవరో ఆయనను లేపేసి ఉంటారు, ఏదో మాట అని ఉంటారు. ఇంకేం జరిగి ఉంటుంది? ఆ తర్వాత జరిగినవన్నీ ఆ ముల్లును ఇంకా లోపలికి దించాయి. అనంతయ్య ఎప్పుడు పాల్మాకుల వచ్చినా "ఇప్పుడే తిని వచ్చిన బావా" అనేవాడు. చెన్నయ్య భార్య ప్రేమలత ఎంత వండినా ఆ ఇంట్లో ఆయన చేయి కడిగింది లేదు. చాయ్ ఇస్తే, ఆయన భార్య ముత్తమ్మ ముందే అందుకుని సగం తన కప్పులోకి వంపుకుని మిగతా సగం ఆయనకు ఇచ్చేది. వియ్యంకుడి ఇంట్లో నిండు కప్పు కూడా తాగకూడదని ఒట్టు పెట్టుకున్నాడని చెన్నయ్య తేల్చుకున్నాడు. మూడేళ్లుగా ఇదే వరస. మాటల్లో ఏ లోటూ లేదు, నవ్వుతూనే ఉంటాడు, కానీ తినడు.

అట్లాంటప్పుడు మనీషా, అల్లుడు అరుణ్‌కుమార్ బడంగ్‌పేట్ నుంచి వచ్చి కబురు చెప్పారు. రెండు వైపుల తల్లిదండ్రులనూ ఓడ మీద తిప్పుతారట. ఇక్కడి నుంచి విమానంలో ముంబై, అక్కడి నుంచి ఓడలో మూడు రాత్రులు. చెన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. నడిసముద్రంలో "ఇప్పుడే తిని వచ్చిన" అనడం ఎవరి తరం?

ఆ సంతోషం మీద నీళ్లు చల్లింది బుచ్చయ్య. ప్లాట్లు అమ్మే బుచ్చయ్య ఒకసారి కంపెనీ ఖర్చుతో ఓడ ఎక్కి వచ్చాడు. ఆ ఒక్కసారికే సముద్రం మొత్తం తన పేరున రిజిస్ట్రీ అయినట్టు మాట్లాడతాడు. టెంట్ హౌస్ ముందు కుర్చీ వేసుకుని చెప్పాడు.

"ఓడ మీద టికెట్ల వచ్చే తిండి వేరే, పైసలు కట్టి తినే హోటళ్లు వేరే అన్నా. ఫ్రీ తిండి అంటే ఏంది? జనమంత పళ్లాలు వట్టుకొని తిరుగుడే. మర్యాదస్తులను తోల్కపోతున్నవు, ఎక్స్‌ట్రా కట్టి టేబుల్ బుక్ చేయకపోతే ఇజ్జత్ పోతది."

పళ్లాలు పట్టుకుని తిరగడం అన్న మాట చాలు, చెన్నయ్యకు ఆ స్తంభమూ ఆ గోడా కళ్ల ముందుకొచ్చాయి. ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేశాడు.

"గట్లేం కాదు బాపు" అంది మనీషా. "కింద పెద్ద హాల్ ఉంటది, కూసుంటే వాళ్లే తెచ్చి పెడ్తరు. పైన డెక్ మీద బఫే ఉంటది. అన్ని టికెట్లనే. పైసలు కట్టే హోటళ్లు రెండున్నయ్. ఒకదాంట్ల గదే పప్పు, గదే పన్నీరు, గిన్నెలు మారుతయ్ అంతే. ఇంకోదాంట్ల వంటాయన మన ముందట్నే పెనం మీద చేసి పెడ్తడు. జర తమాషాగ ఉంటదట. ఒక రాత్రి నువ్వు, నేను, అమ్మ పోదాం. అందరినీ లాక్కపోకు."

"అందరిని వద్దంటవేంది? మీ మామయ్య కోసమే గద నా తిప్పలు!"

"మామయ్యకు గవన్ని నచ్చయ్ బాపు" అని మాత్రం అంది. పైసలు ఎక్కువవుతాయని పిల్ల వెనకాడుతోందనుకున్నాడు చెన్నయ్య. బుచ్చయ్య దగ్గర ఆ పెనం హోటల్ వీడియో తీసుకుని నేరుగా అనంతయ్యకే పంపాడు. గుర్రపు నాడా ఆకారంలో టేబుల్, దాని చుట్టూ జనం, మధ్యలో ఎత్తు టోపీ వంటాయన. ఉడికిన గుడ్డు ముక్కను గరిటెతో ఎగరేస్తే ఎదుట కూర్చున్నాయన నోరు తెరిచి అందుకుంటాడు, అంతా చప్పట్లు కొడతారు.

అనంతయ్య జవాబు మర్నాటికి వచ్చింది. "మీ ఇష్టం బావా."

మీ ఇష్టం! ఆ మాటను చెన్నయ్య పొద్దంతా నమిలాడు. భార్యకు చూపించాడు. "ఇంక కోపం పోలే" అన్నాడు.

"పోతది తియ్" అంది ప్రేమలత. ప్రయాణం రోజు పొద్దున్నే లేచి బగారన్నం వండి, మటన్ పొడిగా వేయించి డబ్బాలకు ఎత్తింది. ఎయిర్‌పోర్టులో డబ్బాలు విప్పితే పరువు పోతుందని చెన్నయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. నాలుగు స్టీలు పళ్లేలు కూడా సంచిలో పెట్టింది, టెంట్ హౌస్ పేరు చెక్కినవి.

రోజూ తన ఇంటి కప్పు మీదుగా పోయే విమానాన్ని ఎక్కడం చెన్నయ్యకు ఇదే మొదలు. అయినా ఆయన ధ్యాస విమానం మీద లేదు. తనిఖీలన్నీ దాటి, రన్‌వే కనిపించే అద్దాల పక్కన కుర్చీల్లో కూర్చున్నాక విమానం గంట ఆలస్యమన్నారు. సంగతేమిటో కనుక్కుంటానని అరుణ్‌కుమార్ వెళ్లాడు. పోతూ పోతూ అందరికీ చాయ్ తెచ్చి ఇచ్చాడు. ప్రేమలతా ముత్తమ్మా బాత్రూం వైపు వెళ్లారు. ఇదే అదను అనుకుని చెన్నయ్య కూతురి పక్కకు జరిగాడు.

"ఓడెక్కినంక రేటు పెరుగుతది, టేబుళ్లు నిండుతయ్ అని నువ్వే చెప్తివి. ఇగ బుక్ చెయ్యి బిడ్డా. మూడు రాత్రులూ అందరికీ."

మనీషా ఫోన్ తెరిచింది కానీ వేలు కదల్లేదు. "బాపు, ఒక్కసారి మామయ్యను అడుగు."

"అడిగిన. నా ఇష్టమన్నడు." ఆ మాట అనంతయ్యకు వినబడేలాగే అని, ఆయన వైపు తిరిగాడు. "బావా, ఓడ మీద నీకు నిలబడే తిప్పలు లేదు. రాజాలెక్క కూసొని తిను. ముందుగాల ఆ చాయ్ తాగు, చల్లారుతది."

అనంతయ్య చాయ్ కప్పు అప్పటిదాకా పక్క కుర్చీ మీదే ఉంది. చెన్నయ్యే తీసి చేతిలో పెట్టాడు. నిండు కప్పు. సగం వంపుకోవడానికి ముత్తమ్మ లేదు. అనంతయ్య రెండు చేతులా పట్టుకున్నాడు, కళ్లు దించుకున్నాడు. కప్పు ఊగింది. ఇంకా ఊగింది. చూస్తుండగానే వేడి చాయ్ చెన్నయ్య కొత్త ప్యాంటు మీద ఒలికిపోయింది.

ఒక్క క్షణం, వియ్యంకుడు కావాలనే విసిరికొట్టాడని అనుకున్నాడు చెన్నయ్య. మూడేళ్ల అనుమానం అంత గట్టిది మరి. కానీ కప్పు కింద పడిపోయాక కూడా అనంతయ్య చేయి గాల్లో అట్లాగే వణుకుతోంది. ఆయన దాన్ని ఇంకో చేత్తో గట్టిగా పట్టి ఒళ్లో దాచుకున్నాడు.

"కాలిందా బావా?" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"నాకేం గాలే. నీ చేయికేమైంది?"

"ఇగ దాచి ఏం లాభం. పెండ్లికి ముందటి ఏడే మొదలైంది. దవాఖానల చూపించిన, పానానికేం భయం లేదన్నరు, గోళీలిచ్చిన్రు. ఒంటిగ ఉన్నప్పుడు జర ఆగుతది. నలుగురు చూస్తున్నరంటే ఇగ ఆగదు. ముద్ద నోటిదాంక వచ్చేసరికి సగం కింద పడ్తది."

చెన్నయ్య ప్యాంటు సంగతి మరిచిపోయాడు. "మరి పెండ్లిల నువ్వు..."

"నువ్వు మర్యాదగ ఆకేసి కూసోబెట్టినవ్. ఎదురుంగ మీ చుట్టాలంత. ఆకు ఆడ, నోరు ఈడ. పప్పన్నం అంగీ మీద పోస్కుంటే పిల్లగాని తండ్రికేం ఇజ్జత్ ఉంటది? సప్పుడు జెయ్యక లేచి బయటికొచ్చిన. పళ్లెం చేతిలుంటే గదువ కిందికి పెట్టుకోవచ్చు, మెతుకు జారినా పళ్లెంలనే పడ్తది. గందుకే గోడ దిక్కు తిరిగిన."

"ఎవ్వరు నిన్ను లేపలేదా? ఏమనలేదా?"

"ఎవరంటరు బావా? గారెలు మస్తుగున్నయ్."

చెన్నయ్య కూతురి వైపు చూశాడు. మనీషా తల దించుకుంది. "పెండ్లయిన నెలకే నాకెర్క బాపు. డాక్టర్ దగ్గరికి నేనే తోల్కపోతున్న. నీకు చెప్పొద్దని మామయ్య ఒట్టేయించుకున్నడు."

"ఎట్ల చెప్పాలె?" అన్నాడు అనంతయ్య. "తండ్రికి వణుకుడుంటే కొడుక్కు సుత వస్తదేమోనని సంబంధం వద్దంటరని భయపడ్డ. పెండ్లయినంక, అప్పుడే ఎందుకు చెప్పలేదంటరని ఇంక భయపడ్డ. తప్పు నాదే బావా."

న్యాయంగా చెన్నయ్యకు అప్పుడు కోపం రావాలి. పిల్లనిచ్చిన తండ్రి, పైగా ఇంత దాచారని తెలిసింది. కానీ ఏం చేస్తాడు, కోపం కోసం లోపల వెతికితే దొరకలేదు. వియ్యంకుడు తన మీద అలగలేదు. తన పెళ్లి వడ్డనలో తప్పు జరగలేదు. ఈ రెండు సంగతులూ మనసులోకి దిగేసరికి గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసినా ఆపలేకపోయాడు. నవ్వుతూనే కండువా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మూడేండ్ల సంది నాకు సరిగ్గ నిద్ర లేదు బావా. నీకు నా మీద కోపమనుకున్న."

"కోపమా? నువ్వు పంపిన వీడియో చూసి నాకు జరమొచ్చినంత పనైంది. వాడెవడో గుడ్డు ఎగరేస్తే నోటితోని పట్టాలెనంట! గంత మంది ముంగట! కడుపు నొప్పని చెప్పి ఇంటి కాడనే ఉందామనుకున్న."

"మరి ఆ ముక్క చెప్పక మీ ఇష్టం అంటవా?"

"నీ సంబురం పాడు జేసుడెందుకని."

చెన్నయ్య మళ్లీ నవ్వాడు. "క్యాన్సల్ చెయ్యి బిడ్డా."

"నొక్కితే గద బాపు క్యాన్సల్ చేసేది" అంది మనీషా. "పైన బఫేల రెయిలింగ్ పక్కపొంటి నిలబడి సముద్రం దిక్కు మొఖం పెట్టుకొని తినొచ్చు. ఎవ్వరు చూడరు."

"గదే మనకు. ఆ పైసల హోటల్ల బుచ్చయ్యనే గుడ్లు పట్టుకోమను."

ఆడవాళ్లు తిరిగొచ్చారు. చాయ్‌తో తడిసిన ప్యాంటూ, నవ్వుతున్న మొగుళ్లూ కనబడేసరికి ముత్తమ్మకు విషయం అర్థమైంది. "చెప్పిన్రా?" అని మాత్రం అడిగి, కుర్చీలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ప్రేమలత ఆమె వీపు నిమురుతూ కూతురి నోట విషయం విన్నది. విని, ఇంకో మాట మాట్లాడకుండా సంచీలోంచి డబ్బాలు తీసింది.

ఈసారి పరువు సంగతి చెన్నయ్య ఎత్తలేదు. తనే పళ్లెంలో బగారన్నం పెట్టి, పక్కన మటన్ వేసి, వియ్యంకుడికి అందించాడు. ఇంకో పళ్లెం తను తీసుకున్నాడు. ఇద్దరూ లేచి అద్దం దగ్గరికి వెళ్లారు. జనానికి వీపు పెట్టి, రన్‌వే వైపు తిరిగి నిలబడ్డారు. అనంతయ్య పళ్లెం గడ్డం కిందికి ఎత్తి పట్టాడు. చెన్నయ్య కూడా అట్లాగే పట్టుకున్నాడు. అవతల ఒక విమానం దిగింది, ఇంకొకటి లేచింది. అనంతయ్య మెతుకులు కొన్ని జారి పళ్లెంలోనే పడ్డాయి. ఎవరూ చూడలేదు. చూసిన ఒక్కడూ తన పళ్లెం వైపే కళ్లు పెట్టుకున్నాడు.

"వదినె చేతి బగారన్నం" అన్నాడు అనంతయ్య, నిండు నోటితో. "మూడేండ్ల సంది మీ ఇంట్ల దీని వాసనే చూసిన బావా."

తర్వాత ఖాళీ పళ్లెం చెన్నయ్య వైపు చాపాడు. అది వణుకుతూనే ఉంది. ఆయన చేతిని దాచుకోలేదు.

"జర మారు పెట్టు."