కాస్త ముందొచ్చే రెండో దరువు

మా ఆయన ఒట్టోకర్‌కి వాల్ట్జ్ డాన్సు రాదు. ఈ సంగతి వియన్నా మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. ఆయనకి కూడా తెలీదు.

వాల్ట్జ్‌కి ఎక్కడైనా దరువులు మూడే. కాకపోతే మా ఊళ్లో రెండోది కాస్త ముందే వచ్చేస్తుంది, భోజనానికి పిలిస్తే పొద్దుటి కాఫీకే దిగిపోయే అత్తగారిలా. మా ఆయన గొడుగులు చేసే మనిషి, అన్నీ కొలత ప్రకారం ఉండాలి. దరువు వచ్చే వేళకే రావాలని ఆగుతారు. అందుకని పెళ్లయినప్పటినుంచీ ఆయన భుజం మీదున్న నా చెయ్యే ఆయన్ని తిప్పుతోంది. మాది ఆడపిల్లల బడి. పొడుగుదాన్నని డాన్సు క్లాసులో నాకు మగవాడి అడుగులే నేర్పారు మరి.

మా ముత్తవ్వ రోజుల్లో, మగవాడు నడుం పట్టుకుని ఆడదాన్ని గిరగిరా తిప్పేస్తున్నాడని పాదిరీలు ఈ డాన్సునే పాపమన్నారట. ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో వాళ్లు సరిగ్గా చూసినట్టు లేదు.

మొన్న ఫిబ్రవరిలో గొడుగుల సంఘం వాళ్ల డాన్సు పండగ దగ్గర పడుతుండగా, ఆయన టోపీ అయినా తియ్యకుండా వంటింట్లోకొచ్చారు.

“ఏమోయ్, విన్నావా! ప్రెసిడెంటుగారికి మోకాలు పట్టేసిందిట. వాళ్లావిడతో మొదటి వాల్ట్జ్ నన్ను చెయ్యమన్నారు. ‘సంఘంలో నీ అంతవాడు ఎవడయ్యా’ అన్నారు!”

గరిటె పక్కన పెట్టి అడిగాను.

“పోనీ, ఓసారి ప్రాక్టీసు చేద్దామా?”

“నాకా? ప్రాక్టీసా?” అని నవ్వేశారు.

నిజం చెబితే ఈ మనిషి మళ్లీ డాన్సు హాలు గడప తొక్కరు. చెప్పకపోతే సంఘం మొత్తం ముందు నవ్వులపాలవుతారు.

మర్నాడు ఆప్రికాట్ జామ్ పెట్టిన, బూరెల్లాంటి క్రాప్ఫెన్‌లు వేయించి, పళ్లెంతో ప్రెసిడెంటుగారి భార్య రోస్విటాగారింటికి వెళ్లాను.

“మా ఆయనకి రెండో దరువు దగ్గర కొంచెం సాయం కావాలండీ.”

“కొంచెం అంటే?”

“మొత్తం.”

ఆవిడ రెండో క్రాప్ఫెన్ అందుకున్నారు. “ఎడమవైపు తిరగడం?”

“అదీ మీరే చూసుకోవాలి.”

“ఇంతేనా తల్లీ! దీనికేనా ఇన్ని వేయించుకొచ్చావు? మోకాలు బాగున్న రోజుల్లో మాత్రం మా ఆయన్ని తిప్పింది ఎవరనుకున్నావు?”

పండగ రోజు వయొలిన్లు అందుకోగానే మా ఆయన ఛాతీ విరుచుకుని కదిలారు, కాదు, కదపబడ్డారు. ఎడమ తిరుగుడు వచ్చింది. రోస్విటాగారు ఆయన భుజం మీదుగా నాకు కన్ను గీటి, రెండో దరువుకి సరిగ్గా తిప్పేశారు. హాలంతా చప్పట్లు.

“ఆవిడెంత తేలికో తెలుసా! తిరుగుదామని నేననుకునేలోపే తిరిగేస్తుంది. అచ్చం నీలాగే!” అన్నారు చెమట తుడుచుకుంటూ.

“మీ పట్టు అలాంటిదండీ.”

ఇంతలో ప్రెసిడెంటుగారు కర్ర ఊపుకుంటూ వచ్చారు. ఆడపిల్లల్ని ఎలా నడిపించాలో సంఘంలోని కుర్రాళ్లకి మా ఆయనే నేర్పాలన్నారు. మా ఆయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

శనివారం సాయంత్రాలు మా ముందుగదిలో క్లాసు. ఆడపిల్లల్ని మాత్రం ఓ గంట ముందే వంటింట్లోకి రమ్మన్నాను.