దురాయి పడని ఇల్లు

నాగులమ్మకు భయం కొత్త కాదు. సముద్రం మీదికి పోయే మగవాణ్ణి కట్టుకున్న ఏ ఆడదానికీ కొత్త కాదు. గాలి మారితే భయం, తెప్ప రావడం ఆలస్యమైతే భయం, పక్కింటి తెప్ప ముందుగా ఒడ్డుకొస్తే మరీ భయం. అయితే ఆ భయాలన్నీ నీళ్లవి. వాటికి మొక్కుకోవడానికి పోలేరమ్మ ఉంది. ఈసారి భయం మెరక మీదినుంచి వచ్చింది. దీనికి ఎవరికి మొక్కాలో ఆమెకు తెలియలేదు.

ముత్తుకూరుకు తూర్పున, ఉప్పుకాలవకు అవతల ఇసకదిబ్బ మీద ఉంది ఆ ఊరు. ఊరంతా వేటకు పోయే కుటుంబాలే. ఊరి చుట్టూ ఉన్న నేలంతా జయరామయ్యది. ఉప్పు కయ్యలు ఆయనవి, సరుగుడు తోట ఆయనది, తోటలో ఇసక తవ్విన మంచినీళ్ల దొరువూ ఆయనదే. ఊరికి తాగునీళ్లంటే ఆ దొరువొక్కటే. సముద్రం మాత్రం ఆయనది కాదు. అది కూడా ఇంకా తోచక వదిలేసి ఉంటాడు. దొరువులో కడవ ముంచుకుంటున్నందుకు ఇంటికొక మనిషి వంతులవారీగా ఉప్పు కయ్యల్లో ఊరకే పనిచేయాలి. దాన్ని వెట్టి అంటే జయరామయ్యకు కోపం వచ్చేది. మర్యాద అనేవాడు. మర్యాద తప్పితే దొరువు చుట్టూ ముళ్లకంప పడేది.

నాగులమ్మ మొగుడు చిన్నపోలయ్య ఆ మర్యాదే తప్పాడు. అతని వంతు నాడు కానాగంత చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా వచ్చింది. నీళ్లు నల్లబడి కుతకుతమంటుంటే ఏ వేటగాడి కాళ్లు ఉప్పు కయ్యల వైపు నడుస్తాయి? పార అక్కడే పడేసి తెప్పెక్కాడు. మర్నాడు జయరామయ్య మనుషులు వచ్చి పట్టుకుపోయారు. అప్పటినుంచి పగలు కాపలాలో ఉప్పు లాగడం, పొద్దుగూకితే ఉప్పు నిలవచేసే కొటారు పక్కనున్న రేకుల షెడ్డులో పడుకోవడం. షెడ్డుకు బయట తాళం. పని లేని రోజు పగలంతా కూడా తాళమే. నాగులమ్మ కంచె ఇవతలినుంచి ఒకసారి చూసింది. ఉప్పునీళ్లలో నాని అతని పాదాలు పగిలిపోయి ఉన్నాయి. మడమలు ఆనించలేక కాలివేళ్ల మీద నడుస్తున్నాడు. ఆమెను చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఎప్పుడు వదులుతారో చెప్పే దిక్కు లేదు. పోయిన ఏడు ఇట్లాగే పట్టుకుపోయిన మనిషి జ్వరమొచ్చి ఆ షెడ్డులోనే పోయాడు. పాము కరిచిందన్నారు. ఊరు నమ్మినట్టు తల ఊపింది.

ఇట్లా ఉండగా ఊరికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. హైదరాబాదు నుంచి లేబరు ఆఫీసరు. ఎందుకు వస్తున్నాడో జయరామయ్య గుమాస్తా వచ్చి చెప్పాడు. ఎక్కడో జెనీవా అనే ఊళ్లో దేశాలన్నీ కూడే సభ ఒకటి ఉందట. మా దేశంలో ఎవరిచేతా బలవంతాన పని చేయించబోమని మన సర్కారు అక్కడ సంతకం పెట్టి వచ్చిందట. పెట్టి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారా లేదా అని ఆ సభవాళ్లు మాటిమాటికీ అడుగుతారట, మనవాళ్లు జవాబు రాయాలట. ఆ జవాబు కోసం ఈ ఆఫీసరు ఊళ్లు తిరుగుతున్నాడు.

"అట్టాంటిదేమీ లేదని చెప్పండి, రాసుకోని పోతాడు" అన్నాడు గుమాస్తా. అని, దొరువు వైపు ఒకసారి చూసి వెళ్లాడు. ఆ చూపు అందరికీ అర్థమైంది.

ఆ సాయంత్రమే ఊరిపెద్ద కామాక్షయ్య దురాయి వేశాడు. ఆ తీరంలో దురాయి ముందు కోర్టులూ కచేరీలూ ఎందుకూ పనికిరావు. ఊరిపెద్ద పోలేరమ్మ గుడి ముందు వలతాడు పట్టుకుని ఊరి కట్టుబాటు చెబుతాడు. ఇంటికొకరు వచ్చి తాడు ముట్టాలి. ముట్టినవాళ్లు మాట దాటితే ఆ ఇంటికి నిప్పు పుట్టదు, నీళ్లు పుట్టవు, తెప్ప మీద చోటుండదు, చస్తే మోసేవాళ్లుండరు. ఆఫీసరు దగ్గర వెట్టి సంగతి ఎవరూ ఎత్తకూడదన్నది ఈసారి కట్టుబాటు. కామాక్షయ్య చెడ్డవాడేమీ కాదు. దొరువు మూతపడితే పసిబిడ్డలు ఏం తాగుతారని హడలిపోయినవాడు.

ఆ హడలులోనే ఒక పొరపాటు చేశాడు. తాడు ముట్టాల్సింది ఇంటి మగవాడు. మగవాడు చచ్చిపోయిన ఇంటికైతే ఆడది ముట్టవచ్చు. నాగులమ్మ మొగుడు చావలేదు, అట్లాగని ఇంట్లోనూ లేడు. అందుచేత ఆ ఇంటినుంచి ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు. తాడు ముట్టని ఇంటికి దురాయి పట్టదు. తాతలనాటి నుంచీ అంతే.

ఆ సంగతి ముందుగా కనిపెట్టింది పక్కింటి ఆదిశేషమ్మ.

"మేయ్ నాగులమ్మా, మీ ఇంటికి తాడు తగల్లేదు గదా" అంది ఎండుచేపలు చాటలోకి ఎత్తుతూ, గొంతు బాగా తగ్గించి. "ఊరు మొత్తానికి నోరుండేది ఇప్పుడు నీకొక్కదానికేమే."

ఎవరైనా విన్నారేమోనని నాగులమ్మ అటూ ఇటూ చూసింది. "నన్నేం చెయ్యమంటావక్కా?"

"నేనేం చెయ్యమన్లేదు. చెప్పమన్లేదు, చెప్పొద్దనీ అన్లేదు. అసలు నేను నీతో మాట్లాడనే లేదు" అని ఆదిశేషమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

నాగులమ్మ అక్కడే కూలబడింది. సంతోషపడాల్సిన సంగతేనా ఇది? ఊళ్లో వాళ్లందరికీ దురాయి ఒక చాటు. మాట్లాడకపోతే తప్పు కట్టుబాటుది, తమది కాదు. ఆమెకు ఆ చాటు కూడా లేకుండా పోయింది. రేపు ఆఫీసరు ముందు నోరు మూసుకుంటే, మొగుణ్ణి ఆ షెడ్డులో వదిలేసింది తనే. నోరు తెరిస్తే ఊరంతటికీ నీళ్లు లేకుండా చేసింది తనే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తెల్లవారి కామాక్షయ్య వచ్చాడు. చేతిలో వలతాడు.

"కోడలా, పొరపాటైపోయింది. నీ మొగుడి బదులు నువ్వే తాడు ముట్టుమే" అన్నాడు గుమ్మం బయట నిలబడి.

"ముట్టుకుంటా మామా. ఆయన్ని ఇడిపిస్తానని ముందు నువ్వు ముట్టు."

కామాక్షయ్య నేల చూపులు చూశాడు. "నేనెట్టా ఇడిపిస్తానే? జయరామయ్య ముందర నిలబడి మాట్లాడే మొగమా నాది?"

"మరి నేనెట్టా ముట్టేది?"

ఆయన తాడు ముందుకు చాచాడు. "నా మాట ఇనుమే. నువ్వు నోరు తెరిస్తే దొరువుకు కంప పడతాది. పిల్లోళ్ల తల్లులు నిన్నే శపిస్తారు. ఆ ఆఫీసరు సాయంత్రానికి పడవెక్కి పోతాడు. మనం ఈడే ఉండాల."

అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. అందుకే ఆమె చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆయన తిట్టలేదు, బెదిరించలేదు. తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆఫీసరు పేరు గంగాధరం. సన్నటి మనిషి, కళ్లద్దాలు, మోకాళ్లదాకా తడిసిన ప్యాంటు. ఊరివాళ్లు ఇద్దరు తెడ్లు వేసి ఆయన్ని కాలవ దాటించారు. జయరామయ్య ఇంట్లో భోజనం అయ్యాక, వలలు ఆరేసే పందిరి కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కనే జయరామయ్య, పెళ్లివారిని ఆదరించే మనిషిలా నవ్వుతూ నిలబడ్డాడు. ఆఫీసరు ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. బలవంతంగా పని చేయిస్తున్నారా? లేదు సామీ. కూలి ఎగ్గొడుతున్నారా? లేదు సామీ. ఎవరినైనా కదలకుండా కట్టిపెట్టారా? లేదు సామీ. ఆయన రాసుకుంటూ పోయాడు. మధ్యలో ఆవలింత ఆపుకున్నాడు. చివరికి కలం జేబులో పెట్టుకుని లేచాడు.

ఆడవాళ్ల వెనకాల నిలబడి ఉన్న నాగులమ్మ ఇంటికి పోదామనుకుంది. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. వేళ్ల మీద నడుస్తున్న ఆ కాళ్లు కళ్ల ముందు మెదిలాయి. మొగుడి సంగతి చెప్పాలని నోరు తెరిస్తే, ఆ కంగారులో వేరే మాట వచ్చింది.

"మిమ్మల్ని కాలవ దాటించినోళ్లకు కూలి ఎవురిచ్చినారు సామీ?"

ఆఫీసరు తెడ్లు వేసిన ఇద్దరి వైపు చూశాడు. వాళ్లు ఇసక వైపు చూశారు. ఆయన జయరామయ్య వైపు తిరిగాడు.

"మా ఊరి మర్యాద సార్ అది" అన్నాడు జయరామయ్య.

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ కూర్చున్నాడు. "నీ పేరేమిటమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయి, ఆమె చుట్టూ ఖాళీ అయింది. "నాగులమ్మ సామీ. మా ఇంటాయన చిన్నపోలయ్య. కొటారు కాడ షెడ్డులో ఉండాడు. బయట తాళమేసి ఉండారు."

"మతి సరిగా లేదు సార్ దీనికి. వాడు తాగి పడుంటే మేమే నీడనిచ్చినాం" అన్నాడు జయరామయ్య. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కళ్లలో మాత్రం లేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, నాకు అడిగే అధికారమే కానీ తాళం తీయించే అధికారం లేదు. నువ్వు చెప్పింది రాసి పైకి పంపుతాను."

"పైకంటే యాడికి సామీ?"

"హైదరాబాదుకు. అక్కణ్ణుంచి ఢిల్లీకి. ఢిల్లీ నుంచి జెనీవాకు."

అది అంతదూరం పోయి వచ్చేసరికి మొగుడు ఉంటాడా? నాగులమ్మకు ఇంక దాచుకోవడానికేమీ మిగల్లేదు. "అడిగే అధికారం ఉండాది గదా సామీ? ఆ తలుపు కాడికొచ్చి అడగండి."

ఆఫీసరు పడవ వైపు చూశాడు. జయరామయ్య వైపు చూశాడు. ఈయనా భయపడుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. ఉద్యోగం, పిల్లలు, పై అధికారులు, జయరామయ్యకు వాళ్లతో ఉన్న పరిచయాలు. అయినా ఆయన లేచి, కయ్యల గట్టు పట్టి నడిచాడు. ఊరు దూరంగా వెనకాలే నడిచింది. నడవకూడదని దురాయిలో లేదు మరి.

షెడ్డుకు తాళం వేలాడుతోంది. ఆఫీసరు రేకు తలుపు దగ్గర నిలబడి గట్టిగా అడిగాడు. "చిన్నపోలయ్యా! నేను సర్కారు ఆఫీసర్ని. నువ్వు నీ ఇష్టంతోనే లోపల ఉన్నావా?"

లోపలినుంచి నీరసమైన గొంతు వచ్చింది. "ఇష్టంతోనే ఉండా సామీ."

"విన్నారు గదా సార్" అన్నాడు జయరామయ్య.

ఆఫీసరు చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే ఇంకెవరూ వచ్చి అడగరు. నాగులమ్మ పరుగున పోయి రెండు చేతులా రేకు మీద బాదింది.

"ఓయ్! నేను చెప్పేసినా! అంతా చెప్పేసినా! ఇంక నువ్వు దాచేదేం లేదు!"

లోపల మనిషి నేల మీద ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికి వచ్చిన చప్పుడైంది. "ఎందుకు చెప్పినావే! నిన్ను బతకనిస్తారా ఈళ్లు!" అని గొల్లుమన్నాడు చిన్నపోలయ్య.

ఆ కేక విన్నాక ఆఫీసరు కలం తీయలేదు. పక్కనున్న ఉప్పు బస్తా మీద కూర్చున్నాడు.

"తాళం తీయించమనే హక్కు నాకు లేదు జయరామయ్యగారూ" అన్నాడు. "కానీ లోపలి మనిషిని బయట చూసేదాకా అడుగుతూనే ఉంటాను. ఈ పూట పడవ పోతే రేపు పోతాను."

జయరామయ్య ఆఫీసర్ని చూశాడు. గట్టు మీద నోరు విప్పకుండా నిలబడ్డ ఊరిని చూశాడు. అందరికన్నా ముందు కామాక్షయ్య ఉన్నాడు. చివరికి జయరామయ్య కాపలావాడికి చేత్తో సైగ చేసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

చిన్నపోలయ్య వెలుగు చూడలేక కళ్లు మూసుకుని వేళ్ల మీద బయటికి వచ్చాడు. ఆఫీసరు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి అతను తల వంచుకుని, మెల్లగా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆఫీసరు రాసుకున్నాడు. కాలవ దాటాక ఆయన తెడ్లు వేసినవాళ్లకు కూలి ఇవ్వబోతే వాళ్లు పుచ్చుకోవడానికి కూడా భయపడ్డారని తర్వాత తెలిసింది.

నాగులమ్మ మొగుడి చెయ్యి తన భుజం మీద వేసుకుని ఇంటిదారి పట్టింది. సరుగుడు తోటలోంచి కత్తి చప్పుడు వస్తోంది. దొరువు చుట్టూ వేయడానికి ముళ్లకంప కొడుతున్నారు. చిన్నపోలయ్యకూ ఆ చప్పుడు వినిపించింది.

"ఇష్టంతోనే ఉండానని ఎందుకు చెప్పినావు?" అంది ఆమె.

"నిన్నేమన్నా చేస్తారేమోనని బయమేసిందే." కొంతదూరం నడిచాక అడిగాడు. "నువ్వెందుకు చెప్పినావు?"

"నాకూ ఆ బయమే. నిన్నేమన్నా చేస్తారేమోనని" అంది నాగులమ్మ.