పొయ్యి కింది రాయి

రాజపాళయం దగ్గర సేత్తూరు దాటి కొండవారకు పోతే వాగు ఒడ్డున తొమ్మిది ఇళ్లున్నాయి. నలభై ఏళ్ల క్రితం శంకరియమ్మాళ్ భర్త ముళ్లపొదలు కొట్టి అక్కడ మొదటి గుడిసె వేశాడు. ఆయన పోయాడు. తర్వాత వచ్చినవాళ్లు పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నారు. ఎవరికీ పట్టా లేదు. అడవి ఎక్కడ మొదలవుతుందో కొలిచి తేలుస్తారని పదిరోజులుగా అందరూ చెప్పుకుంటున్నారు. ఆ పొద్దున జీపు వచ్చింది.

జీపు చప్పుడు వినగానే బొమ్మి పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. అన్నం ఎప్పుడో ఉడికిపోయింది. అయినా మంట ఆరనివ్వలేదు. ఆ పొయ్యి కింద సర్వే రాయి ఉందని ఆమెకూ ఆమె మొగుడు పొన్‌రాజ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల క్రితం ఇంటిని వెనక్కి పెంచుతుంటే రాయి అడ్డొచ్చింది. దాని మీద మట్టి మెత్తి పొయ్యి కట్టేశారు.

సర్వేయర్ భాస్కరన్ మూడు కాళ్ల మీద మిషను నిలబెట్టాడు. అతని మనిషి ఒకడు గడ్డపారతో పొదల మొదళ్లు పొడుస్తూ తిరుగుతున్నాడు. ఇనుము రాయికి తగిలి ఖంగుమన్నప్పుడల్లా బొమ్మి తన పొయ్యి వైపు తిరిగి చూసింది.

భాస్కరన్ అందరినీ పిలిచాడు. "వాగు దగ్గర ఒక రాయి, అవతల కొసన ఒక రాయి దొరికినాయి. ఆ రెండింటి నడుమ పైన ఇంకొకటి ఉండాల. పాత మ్యాప్ ఆ మడత దగ్గరనే చినిగిపోయినాది. మీలో ఎవరన్నా చూసినారా?"

"దొరక్కుంటే ఏమవుతాది సార్?" అని శంకరియమ్మాళ్ అడిగింది.

"కింద రాయి నుంచి అవతల రాయికి నేరుగా గీత పోతాది అవ్వా. తొమ్మిది ఇండ్లూ ఫారెస్ట్‌లో చేరిపోతాయి. దొరికితే గీత ఆ రాయి దాకా పైకి పోయి తిరుగుతాది. రాయికి ఇవతల ఉండే ఇండ్లు తప్పించుకుంటాయి."

రాయికి ఇవతల ఎనిమిది ఇళ్లూ, తన ఇంటి ముందు గదీ ఉంటాయని బొమ్మికి తెలుసు.

పొన్‌రాజ్ ఆమెను ఇంటి వెనక్కి లాక్కుపోయాడు. "నోరు తెరవొద్దు. దాచినందుకు కేసు పెడతారు. నన్ను స్టేషన్‌కి పట్టుకొని పోతారు."

"చెప్పకుంటే అందరిదీ పోతాది గదా?"

"అందరిదీ పోతే మనల్ని ఎవరూ అడగరు."

బొమ్మి చెయ్యి విడిపించుకుంది. తిరిగి వీధిలోకి వచ్చేసరికి తీసేయాల్సిన ఇళ్లని గుర్తుగా తలుపుల మీద ఎర్ర పెయింటుతో నంబర్లు వేస్తున్నారు. శంకరియమ్మాళ్ రేషన్ కార్డూ కరెంటు బిల్లూ ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని భాస్కరన్ ముందు నిలబడింది.

"సార్, ఈ నంబర్ పట్టా ఇచ్చేదానికా?"

భాస్కరన్ మ్యాప్ వైపు తల వంచుకున్నాడు.

బొమ్మి అతని ముందుకు వచ్చింది. "సార్..." అంది. "రాయి మా ఇంట్లో ఉండాది."

పొన్‌రాజ్ వీధిలోనే చతికిలబడ్డాడు.

ఆమె పొయ్యిలో నీళ్లు పోసింది. ఇల్లంతా పొగ కమ్మింది. గడ్డపార నాలుగు దెబ్బలకు మట్టి విడిపోయి రాయి బయటపడింది. నల్లగా మాడిపోయినా తల మీద చెక్కిన అడ్డగీతలు చెరిగిపోలేదు. భాస్కరన్ దాన్ని తుడవబోయి, వేడికి చెయ్యి లాక్కున్నాడు.

"ఎవరు కప్పినారు? ఇది కేసు, తెలుసా?"

గుమ్మంలో మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లూ ఉన్నారు. పొన్‌రాజ్ కూడా వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు.

"పొయ్యి నాది సార్. నేనే కట్టినాను," అంది బొమ్మి. గోడకు ఆనుకుంది.

భాస్కరన్ రాస్తూ ఉన్నాడు. కాగితం తిప్పి మళ్లీ రాశాడు. చివరికి తలెత్తాడు. "రాయి కదలలేదు. ఉన్న చోటనే ఉండాది. అంతే రాసినాను. అయితే దీనికి వెనక ఉండేదంతా పోతాది. ముప్పై దినాల్లో తీసేయాల."

జీపు వెళ్లిపోయింది. ఎనిమిది తలుపుల మీద ఎర్ర నంబర్లను కిరసనాయిలు గుడ్డతో తుడిచేసుకున్నారు. అయినా బొమ్మికి భయం తీరలేదు. బైకు ఏది వచ్చినా పోలీసులనుకునేది. సర్వేయర్ మనసు మార్చుకుంటే? ఇంకెవరైనా రాసి పంపితే? పొన్‌రాజ్ తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టింది తిని, రాజపాళయం మిల్లుకు బస్సెక్కేవాడు.

పదోరోజు అతను పనికి పోలేదు. గడ్డపార అడిగి తెచ్చుకుని వెనక గోడ కొట్టడం మొదలుపెట్టాడు. బొమ్మి ఇటుకలు ఏరి ముందుకు మోసింది. మధ్యాహ్నం నీళ్లు తాగుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఆ రాయి సంగతి నేను చెప్పుండాల. స్టేషన్ అంటే నాకు కాళ్లు వణికినాయి."

"నాకు మాత్రం వణకలేదా?" అంది బొమ్మి.

అతను చెంబు కింద పెట్టాడు. ఆమె నింపిన ఇటుకల తట్టను తన నెత్తికెత్తుకుని ముందు గదివైపు నడిచాడు.