బైనా ముత్తవ్వ ముక్కు

"నా ముక్కే పెట్టు వెర్డెల్, బైనా ముత్తవ్వ పోలిక నాదే," అన్నాడు క్లీవన్ బాబాయి మూడోసారి.

"నీ ముక్కు పెడితే బొమ్మలో ముత్తవ్వకి చోటుండదురా," అంది ఆల్మెటా అత్త.

వెర్డెల్ కుంచె కదల్లేదు. శనివారం వంశమంతా కలిసేసరికి బొమ్మ పూర్తికావాలి. అమెరికాలో బానిసగా బతికిన బైనాకు ఫోటో అన్నదే లేదు. ముఖం తప్పుగా గీస్తే ఆమెను మళ్ళీ పోగొట్టుకున్నట్టే అనిపిస్తోంది.

గడ్డిబుట్ట అల్లుతున్న నాయనమ్మ తల ఎత్తకుండానే అందరికీ వినపడేలా చెప్పింది.

"మా అమ్మమ్మ బైనా ముక్కు మీరెవరూ చూళ్ళేదు కదర్రా. ఈ అల్లిక మాత్రం ఆవిడ మా అమ్మకి నేర్పితే, అమ్మ నాకు నేర్పింది. తల వంచుకుని బుట్ట అల్లుతున్నట్టు గీయవే. చేతులు చూసి గీయడానికి రేపు నేను కూర్చుంటాను."