చిన్ని అందించిన చరణం

ఇంట్లో ఆమెను పెద్ద కోడలంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో మేడమంటారు. పాటల సంఘంలో మాత్రం కంచుగొంతక్క అంటారు. మూడు పిలుపుల్లోనూ ఆమె చెవికి తీయగా తగిలేది ఆ మూడోదే. దుకాణంలో ఎవరైనా కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ "మీరే కదండీ ఆ మధ్య పాడింది?" అని అడిగితే చాలు, బిగిస్తున్న మర చేతిలోనే ఆగిపోయేది. ఆ పూటకు ఇక అన్నం తినకపోయినా ఆకలి వేసేది కాదు.

సంఘం అంటే పెద్ద సంస్థేమీ కాదు. సైకిళ్ళ దుకాణం మీదున్న పొడుగాటి గది, గోడవారగా మడతకుర్చీలు, మూలన ఒక హార్మోనియం పెట్టె. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి వచ్చేవాళ్ళు వస్తారు. పడవల వాళ్ళ పాటలు, బరువులెత్తేవాళ్ళ పాటలు, అమ్మమ్మలు పాడిన జోలలు, ఎవరికి వచ్చింది వాళ్ళు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వంత పాడతారు. గొంతు బాగున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ పాడతారు. గది తాళాలు గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరుంటాయి. వంతపాటకు తాళాలు వాయించేదీ ఆయనే. అందుకని ఏ తాళమో ఎవరూ తేల్చకుండా అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలుస్తారు.

పెట్టె వాయించేది చిన్ని. కంచుగొంతక్కకు తోడికోడలు. నలభై దాటి చెంపలు నెరిసినా ఆమె పేరు చిన్నిగానే ఉండిపోయింది. పగలంతా అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి జిగురు పెడుతుంది. ఎంత కడిగినా వేళ్ళ చివర్న కాస్త జిగురు పొర మిగిలే ఉంటుంది. ఆ వేళ్ళు పెట్టె మెట్ల మీద ఎంత నెమ్మదిగా నడిచేవంటే, పాడేవాళ్ళకు తమ గొంతే అంత బాగుందనిపించేది. అదే చిక్కు. పాట బాగుంటే అందరూ గొంతునే మెచ్చుకునేవారు.

ఏడాదికోసారి సంఘం పెద్ద కచేరీ పెడుతుంది. ఆ ఏడు బడి హాల్లో పెట్టారు. చివరి పాట కంచుగొంతక్కది. మూటలు మోసేవాళ్ళ పాట, హాలంతా కలిసి వంత పాడేది. కచేరీకి ముందురోజు చిన్ని మెట్లు దిగి కిందింటికి వచ్చింది.

"అక్కా, ఒక్కసారి చూసుకుందామా?"

"ఆ పాటనా? పాలపళ్ళు ఊడకముందు నుంచీ పాడుతున్నానే!"

"పోనీ శ్రుతి ఎంత పెట్టమంటారు? ఐదు చాలదూ?"

"ఐదేంటి? జోలపాటనుకున్నావా? ఐదున్నర పెట్టు. హాలు పెద్దది."

చిన్ని తలూపి మెట్లెక్కి వెళ్ళిపోయింది. కంచుగొంతక్క మరునాడు కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేసుకోవడంలో పడిపోయింది.

కచేరీనాడు హాలు కిక్కిరిసింది. ఆమె వేదిక ఎక్కగానే వెనక వరసల్లోంచి ఈలలు వినబడ్డాయి. పల్లవి ఎత్తుకుంది.

*ఎత్తరా మూట, ఎత్తరా ఎత్తు*
*ఎండ దిగకముందే ఇల్లు చేరొద్దూ!*

జనం అందుకున్నారు. మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు కాస్త గీరుకుంది. శ్రుతి ఎక్కువైందని ఆమెకే తెలుస్తోంది. మూడో చరణంలో ఇంకా పైకి వెళ్ళాలి, ఎలాగా ఎలాగా అనుకుంటూనే వంత అయిపోయింది. నోరు తెరిచింది. మాట లేదు.

పాలపళ్ళ నాటి పాట! తుడిచిపెట్టుకుపోయింది. ఎదురుగా అన్ని మొహాలూ నవ్వుతూ ఎదురుచూస్తున్నాయి. తాళాలాయన చేతులు గాల్లో ఆగిపోయాయి. అప్పుడు పెట్టె మీద చరణం మొదటి ముక్క మెల్లగా పలికింది. పలికించి చిన్ని తల వంచుకునే, పెదవులు కదిలీ కదలనట్టు "వాగు... అక్కా, వాగు" అని చరణంలో మొదటి మాట అందించింది.

ఆ మాట కంచుగొంతక్క చెవిన పడింది. పడ్డాక కూడా ఆమె మైకు ముందు నిలబడి, పక్కకు తిరిగి, నవ్వుతూ అంది.

"చిన్నీ, శ్రుతి మార్చేశావే! సరిగ్గా పట్టుకో."

హాలంతా గొల్లుమంది. చెడ్డ నవ్వు కాదు, ముద్దు నవ్వే. చిన్ని తల ఎత్తలేదు. క్షణం ఆగి నిజంగానే శ్రుతి మార్చింది. ఐదుకు దించింది. దాంతో పాట హాయిగా సాగిపోయింది. వాగు దాటింది, ఊరు చేరింది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తప్పు దిద్దుకోగానే పాట ఎలా లేచిందో చూశారా అని ముందు వరసలో ఎవరో అనడం ఆమెకు వినబడింది. వందన సమర్పణలో తాళాలాయన "పెట్టె చెయ్యిచ్చినా పాట చెయ్యి వదలని మన కంచుగొంతక్క" అని ఒక మాట విసిరాడు. మళ్ళీ చప్పట్లు.

ఇంటికి వస్తుంటే భర్త అన్నాడు. "పాపం చిన్ని కంగారుపడినట్టుంది. అంత జనాన్ని ఎప్పుడు చూసింది గనక!"

"ఊఁ" అంది ఆమె.

మైకు దగ్గర అన్నది భయంలో నోరు జారిన మాట అనుకోవచ్చు. ఈ "ఊఁ" అలా కాదు. వీధి దీపాల కింద, మెల్లగా నడుస్తూ, ఊపిరి సరిగ్గా ఆడుతుండగా అన్నది. ఆమెకా సంగతి ఆ క్షణమే తెలుసు.

మర్నాటి నుంచి దుకాణంలో ఆమె పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. వచ్చినవాళ్ళల్లా పాట మెచ్చుకోవడం, చివర్లో "ఆ పెట్టె గనక చెడగొట్టకపోతేనా..." అనడం. కాదనడానికి నోరు రాదు, అవుననడానికి మనసొప్పదు. ఒకావిడ ముక్కు మీద కళ్ళజోడు సరిచేస్తూ ఆవిడ కళ్ళలోకి చూడలేక, ఒక పక్క ఎత్తుగా బిగించి పంపేసింది. ఆవిడ మళ్ళీ వచ్చింది.

ఆదివారం చిన్ని సంఘానికి రాలేదు. అచ్చాఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పి పంపింది. తాళాలాయన కంచుగొంతక్కను పక్కకు పిలిచాడు.

"అక్కయ్యా, మీ తోడికోడలికి నచ్చజెప్పండి. మనసు కష్టపెట్టుకోవద్దనండి. పెట్టెకు ఆ రిటైరైన డ్రాయింగు మాస్టారున్నారు, వాయిస్తానన్నారు. చిన్నమ్మగారు వచ్చి వెనక హాయిగా కూర్చుని వంత పాడొచ్చు. అందరికీ అన్నీ రావాలని ఏముంది?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళుగా చిన్ని ఒళ్ళో పెట్టుకున్న పెట్టె అది. దానికి గాలి ఊదే బెల్లోసు చిరిగితే అచ్చాఫీసు నుంచి గుడ్డ, జిగురు తెచ్చి అతికించింది కూడా చిన్నే. ఇప్పుడు వెనక వరసట. అయినా "చెప్తాలెండి" అని మాత్రమే అనగలిగింది. పై అంతస్తులో చిన్ని ఇంటి తలుపు దాకా వెళ్ళి, లోపల గిన్నెల చప్పుడు విని, చెయ్యెత్తి, తట్టకుండా దిగివచ్చింది. ముఖం చెల్లలేదు.

వారమంతా మాటలు కూర్చుకుంది. వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పేస్తే పీడ వదులుతుందనుకుంది. చెప్పింది కూడా. పాటలు మొదలవకముందు లేచి నిలబడి, గొంతు సవరించుకుంది.

"ఆ రోజు పాట చెడిందంటే తప్పు నాదే. మా చిన్నిది కాదు. పెద్దదాన్ని, నేనే చూసుకోవాల్సింది."

తాళాలాయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశారా! తోడికోడలి తప్పు నెత్తినేసుకోవడం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు? అక్కయ్యా, మీది గొంతే కాదు, మనసూ పెద్దదే."

చప్పట్లు మోగాయి. "కాదండీ, నిజంగానే..." అంది ఆమె. చప్పట్లు ఇంకా పెరిగాయి. మాస్టారు పెట్టె మీద శ్రుతి పట్టాడు. ఆమె కూర్చుండిపోయింది. చెవులు కాలిపోతున్నాయి. అంత చప్పట్ల మధ్య అంత సిగ్గు ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పడలేదు.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి అచ్చాఫీసుకు వెళ్ళింది. చిన్ని బల్ల ముందు నిలబడి, దొంతరగా బిగించిన పుస్తకాల వెన్నులకు కుంచెతో జిగురు రాస్తోంది. కుంచె ఆగలేదు.

"విన్నానక్కా. చప్పట్లు కొట్టారటగా."

"నేను ఒప్పుకున్నానే చిన్నీ. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను."

"తప్పు నాదే అనడానికేముందక్కా. కాలికి గుమ్మం తగిలినా అంటాం. ఏం తప్పో చెప్పారా?"

చిన్ని కుంచెను మళ్ళీ జిగురులో ముంచింది.

"పెద్దదాన్ని, నేను చూసుకోవాల్సింది అన్నారట. అంటే ఏమిటి? చిన్నది చెడగొట్టింది, పెద్దది చూసుకోలేకపోయింది. అంతేగా జనానికి అర్థమయ్యేది?"

నిజమే. వారమంతా అద్దం ముందు ఒక్కొక్క మాటా ఎంచి ఎంచి కూర్చింది. ఏ మాట పెడితే తను తక్కువ కాదో ఆ మాటే పెట్టింది. అది తనకు తెలియకుండా చేసిన పని కూడా కాదు.

చిన్ని కుంచె డబ్బాలో పెట్టింది. మొదటిసారి ఆమె వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"మీరు మర్చిపోయినందుకు నాకేం లేదక్కా. ఎవరైనా మర్చిపోతారు. మాట అందించాను చూడండి, అది మీరు విన్నారు. విన్నారని మీ మొహంలోనే తెలిసింది. విని కూడా..." ఆగింది. "పోనివ్వండి. జిగురు ఆరిపోతుంది."

ఎవరో అట్టల కట్ట మోసుకొస్తూ "కాస్త జరగండమ్మా" అన్నారు. ఆమె జరిగి, అలాగే బయటికి వచ్చేసింది.

ఆ ఆదివారం ఆమె ఏ మాటలూ కూర్చుకోకుండా వెళ్ళింది. లేచి నిలబడగానే తాళాలాయన నవ్వుతూ "మళ్ళీనా అక్కయ్యా!" అన్నాడు.

"చప్పట్లు కొట్టకండి. వినండి" అంది. గొంతులో కంచు లేదు. "కచేరీకి ముందురోజు చిన్ని వచ్చి ఒకసారి పాడి చూసుకుందామంది. నేను అక్కర్లేదన్నాను. ఐదు శ్రుతి చాలంది. నేనే ఐదున్నర పెట్టమన్నాను. మూడో చరణం నేను మర్చిపోయాను. ఆమె పెట్టె మీద పలికించి, నోటితో మాట కూడా అందించింది. నాకు వినబడింది. వినబడ్డాక, నేను మర్చిపోయానని మీకు తెలియకూడదని, ఆమె శ్రుతి మార్చిందని మైకులో అబద్ధం చెప్పాను. ఆమె ఏ తప్పూ వాయించలేదు. పోయినవారం కూడా మీకు సరిగ్గా చెప్పలేదు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ ఒళ్ళోని సంచీ సర్దుకుంది. డ్రాయింగు మాస్టారు పెట్టె మీంచి చేతులు తీసేశాడు. కళ్ళజోడు కోసం దుకాణానికి రెండుసార్లు తిరిగిన ఆవిడ మాత్రం ఉండబట్టలేక "అయ్యో, అదేం పనమ్మా! మాట అందించిన మనిషిని పట్టుకుని!" అంది. తాళాలాయన తాళాలను రుమాలులో చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. చివరికి ఎవరో జోలపాట ఒకటి ఎత్తుకున్నారు. జనం వంత పాడారు గానీ ఎవరి గొంతూ పైకి లేవలేదు.

మెట్లు దిగుతుంటే ఎవరూ ఆమెతో కలిసి దిగలేదు. సిగ్గు తగ్గలేదు. పీడ వదులుతుందనుకున్నదీ వదల్లేదు. కాకపోతే ఇన్నాళ్ళూ లోపల ఒక్కతే మోసింది ఇప్పుడు నలుగురి కళ్ళలోనూ కనిపిస్తోంది, అంతే తేడా. వచ్చే కచేరీలో చివరి పాట వేరేవాళ్ళకు ఇద్దామనుకుంటున్నామని తాళాలాయన నసుగుతూ చెబితే "అదే మంచిది" అంది.

తాళాలాయన మాస్టారిని వెంటబెట్టుకుని చిన్ని ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. చిన్ని వెంటనే రాలేదు. అచ్చాఫీసులో బడి పుస్తకాల పని తెమిలాక, ఒక ఆదివారం వచ్చింది. మాస్టారు లేచి పెట్టె ముందు కుర్చీ ఖాళీ చేశాడు. ఆమె బెల్లోసు తెరిచి, అతుకు ఊడలేదని చూసుకుని, మెట్ల మీద వేళ్ళు పెట్టింది.

"ఎవరు ఎత్తుకుంటారు?" అని అడిగింది. కంచుగొంతక్క కూర్చున్న వైపు చూడలేదు.

రొట్టెల బండి నడిపే అమ్మాయి ఎత్తుకుంది. గొంతు సన్నం, తాళం కాస్త అటూ ఇటూ. చిన్ని వేళ్ళు ఆ పిల్ల ఎక్కడ తడబడితే అక్కడ ముందే వెళ్ళి నిలబడుతున్నాయి. మూడో వరసలో కూర్చుని వంత పాడుతూ కంచుగొంతక్క అది మొదటిసారి విన్నది. ఇన్నేళ్ళూ తన పాటకింద కూడా ఇదే జరిగి ఉంటుంది. ఆమె తల వంచుకుంది, పాడటం మాత్రం ఆపలేదు.

పాటలయ్యాక ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్ళాలి కనక ఒకే దారి పట్టారు. సగం దూరం నడిచాక ఆమె "చిన్నీ..." అంది.

"వద్దక్కా. మళ్ళీ మొదలెట్టకండి."

"అది కాదే..."

"నాకింకా తగ్గలేదు. తగ్గినప్పుడు నేనే చెప్తాను. ఇవాళ్టికి ఇంటికి పదండి, కాళ్ళు లాగేస్తున్నాయి."

కంచుగొంతక్క సరేనంది. చిన్ని చేతిలోని కూరల సంచీ అందుకోబోయింది. చిన్ని ఇవ్వలేదు. వద్దని కూడా అనలేదు, రెండో చేతిలోకి మార్చుకుందంతే. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు, ఒకరు అడుగు ముందుగా, ఒకరు అడుగు వెనకగా.