బేరి చెట్టు తొర్ర

ఫిబ్రవరిలో, కొమ్మలకు పట్టిన బదనిక కొట్టడానికి ముసలి బేరి చెట్టెక్కిన రాదిసావ్, కొమ్మ విరిగి మంచులో పడి చనిపోయాడు. అతని భార్య స్తానోయ్కా ఏడవలేదు. వచ్చినవాళ్లకు కాఫీ అందిందో లేదో చూస్తూ కూర్చుంది. మా షుమాదియా పల్లెల్లో ఏడవని ఆడదాని గురించి నాలుగు మాటలు అనుకుంటారు. అనుకున్నారు. పక్కింటిదాన్ని కాబట్టి నేనూ విన్నాను.

నలభయ్యోనాడు సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వస్తుంటే, ఆమె మరిది వుకాదిన్ ఆ బేరి చెట్టు నరికేస్తానన్నాడు. నీ ఇష్టం అందామె. అతను రంపంతో వచ్చేసరికి తొర్రలో కూకుడుగువ్వ గూడు పెట్టింది. పిల్లలు ఎగిరిపోయాక చూద్దాంలే అని వెళ్లిపోయాడు.

ఆమె తోటలో ప్లమ్ చెట్లు తెల్లగా పూశాయి. తేనెటీగల రొద మా వంటింట్లోకి వినిపించేది. ఈసారి పూత బాగుంది కదా అని కంచె ఇవతల నుంచి పలకరించాను.

"ఉందా?" అంది స్తానోయ్కా, ఆ చెట్ల మధ్యే నిలబడి.

జూన్‌లో గడ్డి కోయించలేదు. అది నడుమెత్తు పెరిగింది. దాన్నిండా అడవిపూలు, సీతాకోకచిలుకలు. ఆగస్టులో పళ్లు రాలి పులిశాయి. పగలు కందిరీగలు, చీకటి పడితే నక్కలు. మిగిలినవి ఇరుగుపొరుగు ఆడవాళ్లమే ఏరి, ఆమె పెరట్లో జామ్ కాచాం. గరిటె ఆమె చేతికిస్తే, మేం చాలు అనేదాకా కలుపుతూనే ఉంది. మణికట్టు మీద వేడి జామ్ చిందితే అటు చూసి ఊరుకుంది. నేనే తుడిచాను.

ఆకులు రాలాక వుకాదిన్ మళ్లీ వచ్చాడు. పుచ్చిన పక్కనుంచి కోత మొదలుపెట్టగానే తొర్ర తెరుచుకుంది. లోపల నాచులో, ఉడత తోకలున్న చిట్టెలుకలు మూడు, ఉండలు చుట్టుకుని ఉన్నాయి.

"చచ్చాయి వదినా. పారేస్తున్నా."

స్తానోయ్కా ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. దాని కడుపు మీద వేలు ఆనించింది.

"చల్లగా ఉంది గానీ చావలేదు, చలికాలపు నిద్ర. కడుపు కదులుతోంది చూడు," అంది. దాన్ని మళ్లీ నాచులో పెట్టింది. "ఈ చెట్టు కొట్టకు."

"అన్నని మింగింది వదినా ఇది."

"కొమ్మ పుచ్చిందని చెప్పాను. మీ అన్న నా మాట వినలేదు. చెట్టేం చేస్తుంది?"

వుకాదిన్ రంపం వదిలేసి చెట్టు వేళ్ల మీద కూలబడ్డాడు. యాభయ్యేళ్ల మనిషి, పసివాడిలా ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని అతణ్ని చూసింది.

"ఏడువు. నీకు వస్తోంది. నాకింకా రావడం లేదు," అంది.

తర్వాత అతను కోసిన చోట చెక్క కొట్టాడు. ఆమె మేకులు అందించింది.

ఆ చలికాలం కూడా స్తానోయ్కా ఏడవగా నేను చూడలేదు. పండగలు ఎప్పుడొచ్చాయో ఆమెకు పట్టలేదు. కానీ మంచు కాస్త గట్టిపడ్డాక ఓ పొద్దున నన్ను కేకేసింది. ప్లమ్ కొమ్మలు కత్తిరించాలి, వచ్చి నిచ్చెన పట్టుకోమంది. వెళ్లి పట్టుకున్నాను.