కుక్క పట్టు

టర్నరు ఇరుసు చివర కుక్కను తొడిగి మర బిగిస్తున్నాడు. లేతు మీద రెండు మొనల మధ్య పడుకోబెట్టిన ఇరుసును కరిచి పట్టుకుని, తనతో పాటు తిప్పే ఇనుప చుట్టు అది. దానికో వంకర తోక కూడా ఉంది. ఎక్కడో, ఎప్పుడో, పాతకాలపు పనివాళ్లు పట్టుకుంటే వదలని పనిముట్లకల్లా కుక్క పేరే పెట్టేశారట. పని నేర్పిన మేస్త్రీ ఆ ముక్క చెప్పి, "కరిచిందో లేదో కంటికి తెలీదురా, వేలికే తెలుస్తుంది" అనేవాడు. టర్నరు పెళ్లి, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ ఆ వేళ్ల చలవే.

ఇప్పుడా వేళ్లు మొద్దుబారాయి. మొదట చొక్కా గుండీలు మొరాయించాయి. తర్వాత పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే, బొబ్బ లేచేదాకా కాలిందని తెలియలేదు. భార్య అడిగితే ఏదో బొంకాడు. చెబితే పని పోతుందని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకు మించిన భయం. రోజూ షెడ్డుకొచ్చి, ప్రతి మరనూ రెండేసిసార్లు తిప్పి చూసుకునేవాడు.

ఇరుసు మనిషి తొడంత లావుంది. కుక్క పట్టు సడలితే, చెక్కే కత్తి అందులో దిగబడి, ఇరుసు మొనల మీంచి ఎగిరిపడుతుంది. అది పడే దారిలోనే బావమరిది ఇటు వీపు పెట్టి డ్రిల్లింగు మెషీను నడుపుతాడు. వాణ్ణి ఈ పనిలో పెట్టించింది తనే.

మర ఇంకోసారి తిప్పాడు. బిగిసినట్టే ఉంది. స్విచ్చి మీదికి చెయ్యి పోతుండగా బావమరిది పానా కోసం వచ్చి, పోతూ పోతూ కుక్కను సరదాగా ఊపాడు. అది లొడలొడలాడింది.

"బావా, నీ కుక్కకి పళ్లూడిపోయాయే! పెన్షనిచ్చి పంపించెయ్" అని నవ్వుకుంటూ వాడు తన చోటికి పోయి, మళ్లీ వీపు తిప్పి నిలబడ్డాడు.

టర్నరు అటు చూశాడు. చెమటకు తడిసిన ఆ చొక్కా కింద వెన్నుపూసలు కనిపిస్తున్నాయి. వాడు ఇంకొక్క క్షణం ఆలస్యంగా వచ్చుంటే... ఆ పై మాటను మనసులోకి కూడా రానివ్వలేదు. లేతు మెయిన్ స్విచ్చి కట్టేసి, యజమాని గదికి నడిచాడు.

"అయ్యా, నేనింక పనికి రాను."

"ఏమయిందయ్యా? ఎవడన్నా ఏమన్నా అన్నాడా?"

"లేదండీ. వేళ్లకి స్పర్శ పోయింది. ఎవణ్ణో చంపేస్తానండీ."

యజమాని కుర్చీలోంచి లేచాడు. ఆయన ఏదో అంటుండగానే టర్నరు బయటపడ్డాడు. బావమరిదికి చెప్పే ధైర్యం లేకపోయింది. చెబితే వాడి ముందే తను ఏడ్చేస్తాడు.

గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. టీ వేళయింది. బావమరిది రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి లేతు మీద పెట్టాడు. బావ కోసం అటూ ఇటూ చూసి, ఇనుప రజను పడకుండా గ్లాసు మీద అట్టముక్క మూతవేసి వెళ్లిపోయాడు. ఆ అట్టముక్క అంచులోంచి సన్నగా ఆవిరి వస్తోంది.